సైకిల్ గొట్టంతో చేసిన బ్రేకు

నడిచే కారును ఎవరైనా నడుపుకుపోతారు. నడవని కారును ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చాలంటే మాలాంటి వాళ్లు కావాలి. ఇరవై ఎనిమిదేళ్లు నేను ఆ పనే చేశాను. అలాగని లారీ నడిపింది లేదు, తాడు పట్టింది లేదు. సంతోష్‌నగర్‌లో ఒక టైర్ల దుకాణం మీది మేడగదిలో ఫోను ముందు కూర్చుని బుకింగులు రాసుకున్నాను. కోస్తా నుంచి డిగ్రీ కాగితం పట్టుకుని వచ్చినవాణ్ని. రెండు నెలలు ఇక్కడ చేసి మంచి ఉద్యోగం చూసుకుందాం అనుకున్నాను. మొన్న రిటైరయ్యే దాకా ఆ రెండు నెలలు పూర్తి కాలేదు.

ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు కలుస్తుంటారు. వాళ్లకు నా ఘనకార్యాలు చాలా చెప్పాను. కొన్నింటిలో కాస్త అబద్ధం కూడా కలిసింది. ఇది మాత్రం నేను తప్పు చేసిన సంగతి. ఇందులో కలపడానికి ఏమీ లేదు కాబట్టి మీరు నమ్మవచ్చు.

నా బల్ల మీద గాజుపలక కింద ఒక కాగితం ఉండేది. దాని మీద ఏడు ప్రశ్నలు. చక్రాలు తిరుగుతాయా, స్టీరింగు తాళం పడిందా, బ్రేకు పడుతుందా, గేరు న్యూట్రల్లోకి వస్తుందా, తాళంచెవి ఉందా, కారు కింద ఏదైనా వేలాడుతోందా, మా లారీ మీ ఇంటి ముందుకు వస్తుందా. ఒక్కొక్క ప్రశ్న వెనక ఒక్కొక్క దెబ్బ ఉంది. చక్రాలు బ్రహ్మాండంగా తిరుగుతాయని ఒట్టేసి చెప్పిన ఒక పెద్దమనిషి కారు తీరా వెళ్లి చూస్తే ఇటుకల మీద నిలబడి ఉంది. "మా సందులోకి ఏనుగొచ్చినా పోతది" అన్నాడు ఇంకొకాయన. ఏనుగు పోతుందేమో, మా లారీ పోలేదు. రెండు ఇళ్ల మెట్లూ ఒక కుళాయీ అడ్డం. అలాంటివన్నీ తిని తిని ఆ కాగితం తయారు చేశాను. దాని మీద నాకు ఎంత గర్వమంటే, ఫోన్లో ఎవరైనా ప్రశ్న దాటి ఒక్క మాట ఎక్కువ మాట్లాడితే ఒళ్లు మండేది. నాకు అసలే కోపం ఎక్కువ. మా ఆవిడ కూడా ఇదే మాట అంటుంది, ఇంకొంచెం ఘాటుగా.

ఒక మంగళవారం పొద్దున ఒక ఆమె ఫోన్ చేసింది. ఇల్లు కంచన్‌బాగ్ దగ్గర.

"కారు నడుస్తుందామ్మా?"

"నడవది సార్. స్టార్ట్ చెయ్యక ఏడాదిన్నర అయింది."

"చక్రాలు?"

"తిరుగుతయి. నిన్ననే గాలి కొట్టిపిచ్చిన. ఆటోమేటిక్ బండి సార్, బ్యాటరీ చచ్చింది కాబట్టి గేరు కదలది. గేరు పక్కన చిన్న మూత ఉంటది. అది లేపి లోపట స్క్రూడ్రైవర్‌తోని ఒత్తితే న్యూట్రల్‌కు వస్తది. మీవోళ్లకు చెప్పుండ్రి."

నా సర్వీసులో ఆ మూత సంగతి తానే చెప్పిన కస్టమరు ఈమె ఒక్కతే. ముచ్చటేసింది. ఆ ముచ్చటలోనే తరువాతి ప్రశ్నకు వచ్చాను.

"బ్రేకు పడుతుందా?"

"పడతది. కానీ బ్రేకుది ఒక సంగతి చెప్పాలె సార్. మా నాయిన దానికి..."

"అమ్మా, అడిగినదానికి మాత్రం చెప్పండి. పడుతుందా, లేదా?"

"పడతది" అంది. నేను టిక్కు పెట్టాను.

కారు కర్నూలు పోవాలి. ఆ మోడలు తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. దాని గేరుబాక్సు తెలిసిన మేస్త్రి అక్కడ ఉన్నాడట. పైవారం ఆదివారం లోపల బాగుచేయించి తిరిగి తన ఇంటి ముందు పెట్టాలని ఆమె గట్టిగా చెప్పింది. తనకు ప్రమోషన్ మీద బదిలీ అయింది, ఇబ్రహీంపట్నం వైపు ఆఫీసు, ఆ మర్నాడు సోమవారం చేరకపోతే ప్రమోషన్ వదులుకున్నట్టు రాసివ్వాలి. ఆదివారం అన్న మాట కింద రెండు గీతలు గీశాను. ఆమెకు కారు ఎందుకంత అవసరమో అడగలేదు. అది నా కాగితంలో లేదు.

బుధవారం మా లారీ వెళ్లింది. మా లోడింగు మనిషి గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. నల్గొండ వైపు వాడు, నాతోపాటు ఇరవై ఏళ్లుగా ఉన్నాడు. నడవని కారును అతను ఎప్పుడూ కారు అనడు, పేషెంటు అంటాడు. "ఇయ్యాల పేషెంటు ఏడుంది సార్?" అని అడిగి, తెల్ల తువ్వాలు భుజాన వేసుకుని బయలుదేరేవాడు. లారీ మీదికి వించి యంత్రం తాడుతో కారును లాగుతుంటే పక్కనే నడుస్తూ దాని బానెట్ మీద చెయ్యి వేసి ఉంచేవాడు. అతని చేతిలో ఒక్క కారుకు కూడా గీత పడలేదు.

మా పనిలో ఒక ఆనవాయితీ ఉంది. నడవని కార్ల నుంచి ఏదో ఒకటి ఊడుతూనే ఉంటుంది. తుప్పు పట్టిన సైలెన్సరు ముక్క, వంగిన బంపరు రేకు, ఎవడో వైరుతో కట్టిన పట్టీ. దారిలో ఊడి వెనక బండ్ల మీద పడకుండా వాటిని ముందే తీసేస్తారు. కస్టమరుకు పనికొచ్చేవి సంచీలో వేసి కారులో పెడతారు. పనికిరాని ఇనుము లోడింగు మనిషిది. లారీ క్యాబిన్ వెనక ఒక డబ్బాలో వేసుకుని వారానికోసారి పాత సామాన్ల దుకాణంలో వేస్తాడు. ఏది పనికొచ్చేది, ఏది కాదు అన్నది చూసి చెప్పేది కూడా అతనే. ఆ లెక్కలో ఇరవై ఏళ్లలో ఎన్నడూ లొల్లి కాలేదు కాబట్టి నేను పట్టించుకోలేదు. ఆ ఆనవాయితీని ఆపగలిగిన మనిషిని నేనొక్కణ్నే.

శనివారం పది గంటలకు ఆమె మళ్లీ ఫోన్ చేసింది.

"సార్, కర్నూలు మేస్త్రి ఫోన్ చేసిండు. గేరుబాక్సు అయితదంట. కానీ కారుల రాడ్ లేదంటున్నడు. మీవోళ్లు ఎక్కడన్న తీసిపెట్టిండ్రా?"

"ఏం రాడ్డమ్మా?"

"స్టీరింగ్ పక్కన ఉంటది సార్. ముందటికి తోస్తే బ్రేకు పడతది, కిందికి ఒత్తితే బండి ఉరుకుతది. నాకు కాళ్లు పనిచెయ్యయి. చిన్నప్పుడే పోలియో. ఆ రాడ్ మీదనే నేను నడుపుత."

అప్పుడు నేను ఏమన్నానో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "రసీదులో రాడ్డు అని ఎక్కడా రాయలేదే" అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె ఇంకా మా మీద తప్పు పెట్టకముందే.

"నేను చెప్పబోయిన సార్" అంది ఆమె. గొంతులో కోపం కూడా లేదు. "అడిగినదానికే చెప్పమన్నరు."

ఫోను పెట్టేసి కిందికి దిగాను. లోడింగు మనిషి లారీ టైర్లు కడుగుతున్నాడు. అడిగాను. అతను దాచలేదు, దాచడం అతనికి రాదు.

"అవ్ సార్. బ్రేకు కాడ ఏదో సైకిల్ పైపు బిగిచ్చిండ్రు. రంగు పోయి, నట్లకు తుప్పు వట్టి ఉండె. బ్రేకు తొక్కినప్పుడల్లా నా మోకాలికి తాకుతుండె. సందుల నుంచి తోసుకొచ్చినంక లారీ కాడ ఊడదీసిన. ఎవడో కట్టిన కట్టుడు అనుకున్న."

"ఇప్పుడెక్కడుంది?"

తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. "మన ఇనుముల ఏసిన సార్. మొన్న దుకాణంల ఇచ్చిన." నేను ఫోన్లో విన్నది చెప్పాను. అతను టైరు పక్కనే కూలబడ్డాడు. "ఇనుమనుకున్న సార్. గా అక్క కాలు అని నాకెట్ల తెలుస్తది?" అన్నాడు. నలభై ఆరేళ్ల మనిషి, మూడు టన్నుల వ్యానును ఒంటిచేత్తో దారిలో పెట్టేవాడు, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

అతన్ని నేను తిట్టలేదు. స్పానరు పట్టింది అతను. అంతకుముందు రోజే ఆమె నోరు కట్టేసింది నేను.

మలక్‌పేట వెనక సందులో ఉన్న పాత సామాన్ల దుకాణానికి ఇద్దరం ఆటోలో వెళ్లాం. దుకాణందారు మెత్తటి ముసలాయన, తెల్ల గడ్డం, తలమీద టోపీ. విషయం విని తల అడ్డంగా ఊపాడు. "లోహా సబ్ కల్ కీ గాడీ మే చలా గయా భాయ్." ఇనుమంతా నిన్నటి లారీలో కరిగించే ఫ్యాక్టరీకి పోయిందన్నమాట. ఫ్యాక్టరీకి ఫోన్ చేయించాం. అక్కడివాళ్లు నవ్వలేదు, అంతే మేలు. సైకిల్ గొట్టమా, అది కొలిమిలో పడి పొద్దుటికే నీళ్లయిందన్నారు.

మేం కదలకుండా నిలబడి ఉండటం చూసి ముసలాయనే అడిగాడు, ఆ గొట్టానికి రబ్బరు ఏమైనా ఉందా అని. ఇనుము కరిగేచోట రబ్బరు ఒప్పుకోరట, ముందే పీకేస్తారట. "రబ్బర్, ప్లాస్టిక్ సబ్ ఉధర్ పడా హై. దేఖ్ లేవ్." గోడవారన గుట్ట చూపించి, అందులో చూసుకోమన్నాడు. చెప్పుల అట్టలు, పెడల్ తొడుగులు, పగిలిన బకెట్లు, బండి మ్యాట్లు. ఎర్రటి ఎండలో మధ్యాహ్నం దాకా వెతికాం. నేను మధ్యలో రెండుసార్లు నీడకు పోయాను, అతను పోలేదు. చివరికి ఆకుపచ్చ సైకిల్ గ్రిప్పు ఒకటి పట్టుకుని లేచాడు. దానికి నల్ల టేపు చుట్టి ఉంది, నాలుగు వేళ్లు పట్టిన చోట టేపు అరిగి మెరుస్తోంది.

"ఇదే సార్. ఇది ఊడదీసినప్పుడు నా చేతికి మెత్తగ తాకింది."

సాయంత్రం మా సేఠుకు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. అయినా వ్యాపారం చేసుకునే మనిషి. "రసీదుల లేదు కదా, మరి నీకెందుకు ఫికర్?" అన్నాడు. పొద్దున నేనన్న మాటే ఆయన నోటి నుంచి వినేసరికి చెవిలో సీసం పోసినట్టయింది. లోడింగు మనిషికి వారం సెలవు కావాలన్నాను. ఎందుకన్నాడు. చెప్పాను. కొంచెంసేపు మీసం దువ్వుకుని "తీస్కోమను" అన్నాడు.

ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చే వేళకు ఇద్దరం కంచన్‌బాగ్ వెళ్లాం. చిన్న ఇల్లు, ముందు రేకుల షెడ్డు, అందులో కారు ఉండే చోటు ఖాళీ. నలభైకి దగ్గరలో ఉంటుంది ఆమె. చంకకర్రలు గోడకు ఆనించి కుర్చీలో కూర్చుంది. లోడింగు మనిషి గుమ్మం బయటే చెప్పులు విడిచి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు. నేను గ్రిప్పు ఆమె చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పాను.

ఆమె దాన్ని పిడికిట్లో పట్టుకుంది. వేళ్లు వాటంతటవే ఆ అరిగిన చోట్లలో పడ్డాయి.

"మా నాయిన ప్లాంటుల ఫిట్టరు" అంది. "ముప్పై ఏండ్లు చేసిండు. గేటు బయటికి ఒక్క మేకు తెచ్చినోడు కాదు. నాకు ఉద్యోగమొచ్చినంక పాత కారు కొని, తను డ్యూటీకి తొక్కిన సైకిల్ కోసి ఈ రాడ్ చేసిండు. నెల రోజులు పక్కన కూసొని నేర్పిండు. ఆయన పోయినంక బండి ముట్టబుద్ధి గాలె. గట్లనే చచ్చిపోయింది అది."

"చాలా తప్పయిందమ్మా" అన్నాను.

అప్పుడు వచ్చింది ఆమెకు కోపం. "తప్పయిందని చెప్పనీకి వచ్చిండ్రా సార్? తప్పయితే అయింది. పైవారం సోమవారం నేనెట్ల పోవాలె, అది చెప్పుండ్రి."

అలాంటి రాడ్లు తయారుచేసే కంపెనీలు ఉన్నాయి, కొత్తది పెట్టిస్తామన్నాను. ఆమె అప్పటికే రెండు చోట్ల అడిగింది. కొలతలు తీసుకుని, తయారుచేసి బిగించడానికి నెల పడుతుందన్నారట. అయితే నెలరోజులూ మా ఆఫీసు కారే వచ్చి తీసుకువెళ్లి దింపుతుందన్నాను. నేను గొప్ప మాట అన్నాననుకున్నాను కూడా.

"వద్దు సార్. కొత్త ఆఫీసరు ఫోన్ చేసి, 'రోజూ అంత దూరం మీరెట్ల వస్తరమ్మా, ఆలోచించుకోండ్రి' అన్నడు. నా కారు నేనే నడుపుకుంట వస్త అన్న. ఫస్ట్ రోజే ఎవరో పట్టుకొని దించిండ్రనుకో, ఇగ అంతే. ఫైలు మోసుడు ఒకరు, కుర్చీ జరుపుడు ఒకరు. పాపం పాపం అనుకుంటనే నా సీటు ఇంకొకరికి ఇస్తరు. పదమూడేండ్లు చూసిన సార్ ఈ పాపం."

నేను తల దించుకున్నాను. అంతవరకు నా మనసులోనూ ఆమె మీద ఉన్నది ఆ పాపమే.

చివరికి ఆమే దారి చెప్పింది. తండ్రితో కలిసి పనిచేసిన ఫిట్టరు రెండు సందుల వెనక ఉంటాడు. ఆమె పెదనాయిన అని పిలుస్తుంది. "ఆయన చేస్తే అయితది. కానీ మస్తు కోపిష్టి. మీరే పోయి అడుగుండ్రి." అలా అన్నాక గుమ్మం వైపు చూసి, "ఏందన్నా గాడ నిలబడ్డవ్? లోపలికి రా, నీళ్లు తాగి పో" అంది. అతను వచ్చి, నీళ్లు తాగి, గ్లాసు తనే కడిగి పెట్టాడు.

పెద్దాయనకు డెబ్బై దాటాయి. ఇంటి వరండాలో ఇనుమును బిగించి పట్టే చిన్న వైసూ, డ్రిల్లూ, గోడకు వరసగా తగిలించిన ఆకురాళ్లూ ఉన్నాయి. అంతా విని ఒక్కటే అడిగాడు. "ఊడదీసింది ఎవడు?" లోడింగు మనిషి బడిపిల్లవాడిలా చెయ్యెత్తాడు.

"స్పానర్ పట్టుడు ఎవరు నేర్పిండ్రు నీకు? బ్రేకుకు తగిలిచ్చింది ఏదన్న గాని, ఎందుకు తగిలిచ్చిండ్రని అడగకుంట ముట్టొచ్చునా? మా ప్లాంటుల గిట్ల చేస్తే గేటు బయటికి పంపుతుండె."

"తప్పే బాపూ."

"అడగనీకి నోరు లేదా?"

నేను ముందుకు వచ్చి, అడగాల్సింది నేను, ఆమె చెబుతుంటే ఆపింది కూడా నేనే అన్నాను. పెద్దాయన కళ్లద్దాల మీంచి నన్ను ఎగాదిగా చూశాడు. "అయితే ఇద్దరికిద్దరు సరిపోయిండ్రు" అన్నాడు. తరువాత లోడింగు మనిషితో, "రేపటి సంది పొద్దుగాల నా కాడికి రా. నా చేతులు వణుకుతయి. నీ చేతులతోని చేపిస్త" అన్నాడు.

నాకు ఒక ఆలోచన వచ్చింది. ఎక్కడైనా పాత సైకిల్ వెతికి దాని గొట్టంతోనే చేద్దామా, ఆమెకు తృప్తిగా ఉంటుంది అన్నాను. ఆయన నవ్వాడు. "వాడు పైసల్లేక కోసిండు సైకిల్. ముచ్చటకు కాదు. మనం మంచి పైపు కొందాం. బిడ్డ ప్రాణం దాని మీద ఉంటది." అక్కడితో నా ఆలోచన అటకెక్కింది.

ఆ వారమంతా లోడింగు మనిషి ఆ వరండాలోనే ఉన్నాడు. ఆఫీసు నుంచి ఇంటికి పోతూ నేనూ ఆగేవాణ్ని. కర్నూలు మేస్త్రి పెడల్ కొలతలూ, స్టీరింగు కింద పాత బోల్టుల గుర్తులూ ఫోటోలు తీసి పంపాడు. ఒకరోజు పెద్దాయన ఆమెను కారు సీటంత ఎత్తు పెట్టె మీద కూర్చోబెట్టి మోచేయి నుంచి మణికట్టు దాకా కొలిచాడు. ఇప్పుడు భుజం కొంచెం గుంజుతోందని ఆమె చెప్తే పిడిని అర అంగుళం దగ్గరికి తెచ్చాడు. లోడింగు మనిషి కోసిన మొదటి పట్టీని పారేశాడు. రెండోదీ పారేశాడు. మూడోదాన్ని వేలితో తడిమి పక్కన పెట్టాడు. "బాపు మంచిగున్నదనలేదు సార్, కానీ పారెయ్యలే" అని మావాడు నాతో చెప్పిన రోజు వాడి మొహం చూడాలి.

కారు తేవడానికి ఆదివారం నేనే లారీ ఎక్కాను. ఇరవై ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి. గుంతల్లో నడుము పడే బాధ ఏమిటో, డ్రైవర్లు "దూరం పెట్టొద్దు సార్" అని ఎందుకు బతిమాలేవాళ్లో ఆ రోజు తెలిసింది. కర్నూల్లో కారు చక్కగా స్టార్టయింది. మేస్త్రి మనిషి నడిపి లారీ మీదికి ఎక్కించాడు. నడిచే కారును లారీ మీద ఎందుకు తీసుకుపోతున్నారని అతను వింతగా చూశాడు. ఇంకెవరి చేతిలోనూ పెట్టడానికి నాకే ధైర్యం చాలలేదు.

తిరుగుదారిలో జేబులోంచి నా కాగితం తీశాను. ఏడో ప్రశ్న కింద "ఇంకేమైనా చెప్పాలా?" అని రాశాను. పిల్లలూ, నా సర్వీసులో నేను కనిపెట్టింది ఏదైనా ఉంటే ఇదొక్కటే. ఆ ప్రశ్న అడిగాక నోరు మూసుకుని పది అంకెలు లెక్కపెట్టాలి. చాలామంది ఏమీ లేదంటారు. కొందరు మాత్రం ఆరో అంకె దగ్గర మొదలుపెడతారు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులే ఇవి, ఒప్పుకుంటాను. మీ చేతులు ఇంకా కాలలేదు కదా, మీరు పట్టుకోండి.

దారిలో ఎక్కడో రోడ్డు పని, బండ్లన్నీ ఆగిపోయాయి. కంచన్‌బాగ్ చేరేసరికి పొద్దు గూట్లో పడింది. ఆ భయంతోనే ఎవరినీ నడపనివ్వకుండా, అందరం కారును సందులోంచి తోసుకుంటూ వెళ్లి షెడ్డులో పెట్టాం. పెద్దాయన ఆకాశం చూసి స్పానర్లు సంచీలో వేసుకున్నాడు. ఇప్పుడే బిగించేద్దామని నేను తొందరపడితే, "దీపాలు పెట్టినంక బ్రేకు పని ముట్ట. పొద్దుగాల ఆరింటికి రాండ్రి" అన్నాడు. తెల్లారితే సోమవారం. ఆమె ఎనిమిదికి బయలుదేరాలి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆరింటికి ముందే అందరం అక్కడ ఉన్నాం. పెద్దాయన చెబుతూ పోయాడు, లోడింగు మనిషి సీటు కింద తల పెట్టి బిగించాడు. ఒక్కో బోల్టు అయ్యాక ఆయన వంగి తన చేత్తో లాగి చూశాడు. చివరికి ఆకుపచ్చ గ్రిప్పును సబ్బునీళ్లలో ముంచి కొత్త పైపుకు తొడిగాడు. ఏడున్నరకు ఆమె ఇస్త్రీ చీరలో, మెడలో ఆఫీసు కార్డుతో వచ్చి సీట్లో కూర్చుంది. చంకకర్రలు పక్క సీట్లో పెట్టుకుంది. ఇంజను నడవకుండానే పాతికసార్లు బ్రేకు తోసింది. ఇంజను నడిపి, షెడ్డులోంచి సందులోకి నాలుగడుగులు వచ్చి ఆగింది. మళ్లీ వెనక్కి పోయి, మళ్లీ వచ్చి ఆగింది.

"మంచిగ పడుతున్నది బిడ్డా" అన్నాడు పెద్దాయన. "ఇగ సందు కొస దాకా పోయి రా. గంతే."

ఆమె స్టీరింగు మీద చెయ్యి పెట్టి కూర్చుంది గానీ కదల్లేదు. ఏడాదిన్నర తరువాత, తండ్రి చెయ్యని రాడ్డుతో. పెదవి కొరుక్కుంటోంది. టైము ఎనిమిది కావస్తోంది.

అప్పుడు మా లోడింగు మనిషి సందులో నడుచుకుంటూ పోయాడు. ముప్పై అడుగుల దూరంలో, సరిగ్గా మధ్యలో, కారు వైపు తిరిగి నిలబడ్డాడు.

"రా అక్కా."

"ఏం చేస్తున్నవన్నా? పక్కకు జరుగు!"

"బిగిచ్చింది నేను. పడకపోతే నాకే తాకాలె. నువ్వు రా."

"పిచ్చి గిట్ల లేసిందా నీకు? పెదనాయినా, చెప్పు ఆయనకు!"

పెద్దాయన నా వైపు చూశాడు. ఇది తెలివైన పని కాదు, మీరెవరూ చెయ్యకండి. కోపం ఎక్కువన్నాను గానీ, నాకు పిరికితనం అంతకంటే ఎక్కువ. కుక్క మొరిగితే వీధి మారే మనిషిని. అయినా ఆ చూపు కింద నిలబడలేకపోయాను. నడుచుకుంటూ వెళ్లి మావాడి పక్కన నిలబడ్డాను. వాడు నా వైపు చూడకుండా కొంచెం జరిగి చోటిచ్చాడు.

కారు కదిలింది. ముందు నత్తలా వచ్చింది. ఆ తరువాత ఆమె మొహంలో ఏదో మారింది. కళ్లు మా మీదే పెట్టి నిజంగా నడపడం మొదలుపెట్టింది. ఇరవై అడుగులు. పది. నా చెయ్యి మావాడి చెయ్యి పట్టుకుంది, ఎప్పుడు పట్టుకుందో నాకు తెలియదు. ఆమె భుజం ముందుకు కదలడం చూశాను. కారు ముక్కు ఒక్కసారి కిందికి వంగి, మా మోకాళ్లకు జానెడు దూరంలో ఆగింది.

ఎక్కడో ఒక కిటికీ తెరుచుకుంది. ఆమె అద్దం దించి తల బయటికి పెట్టింది. థాంక్స్ చెబుతుందనుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు జనం చేత థాంక్స్ చెప్పించుకుని అలవాటుపడ్డ చెవులు మరి.

"జరుగుండ్రి సార్" అంది. "నాకు డ్యూటీకి టైమైతుంది."

మేం చెరో గోడకు ఒదిగి దారి ఇచ్చాం. ఆమె మా మధ్యలోంచి వెళ్లి, సందు కొసన ఆగి, అటూ ఇటూ చూసుకుని, మెయిన్ రోడ్డు బండ్లలో కలిసిపోయింది.